బొమ్మ పోయినా మాట మిగిలింది

వదినగారూ, ఒక్కసారి ఇలా కంచె దగ్గరికి రండి, మీకో మాట చెప్పాలి. మొన్న ఆదివారం కార్డిఫ్ బే దగ్గర, మెర్మెయిడ్ కీలో చెక్కగోడ మీద ఫొటో చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారే, ఆ అబ్బాయి నిజంగా బతికి చనిపోయినవాడు కాదండీ. ‘ఎవరి కన్నబిడ్డో’ అని మీరు అప్పట్నించీ బాధపడుతున్నారని నిన్న బస్సులో అన్నయ్యగారు చెప్పారు. ఆ అబ్బాయి పేరు ఇయాంటో జోన్స్. ‘టార్చ్‌వుడ్’ అనే సీరియల్లో ఒక పాత్ర. సూటూ టై వేసుకుని, ఆఫీసులో అందరికీ కాఫీ కలిపిచ్చే కుర్రాడు. 2009 జూలైలో వచ్చిన కథలో చనిపోయాడు. వాళ్ళ రహస్య కార్యాలయానికి తలుపుగా సీరియల్లో చూపించింది అక్కడే, ఆ చెక్కల మధ్యనే. అందుకని జనం పువ్వులు పట్టుకుని అక్కడికే వచ్చారు. ఒకరిని చూసి ఒకరు ఉత్తరాలు పెట్టారు, బొమ్మలు గీసి పెట్టారు. వానకి తడవకుండా ప్లాస్టిక్ కవర్లలో పెట్టి అతికించారు. ఇన్నేళ్ళయినా పాతవి వెలిసిపోతుంటే కొత్తవి వస్తూనే ఉన్నాయి. పిల్లల్ని కాపాడబోయి ప్రాణమిచ్చాడని ఒక ఫలకం కూడా పెట్టారు, మీరు చూసే ఉంటారు.

అయ్యో, ఊరికే ఏడ్చానా అంటారేమిటి? ఆ ఉత్తరాలు రాసినవాళ్ళ దుఃఖం నిజమేగా. మీరు చదివింది ఆ దుఃఖాన్నే.

ఆ టార్చ్‌వుడ్ అనేది ఒక పిల్ల సీరియలు. తల్లి సీరియలు వేరే ఉంది, ‘డాక్టర్ హూ’ అని. మీ చిన్నాడు బళ్ళోంచి వచ్చి ‘ఎక్స్‌టర్మినేట్’ అని అరుస్తున్నాడంటే అది ఆ సీరియల్లో మాటే, తోటి పిల్లల దగ్గర నేర్చుకున్నాడు, భయపడకండి. ప్రపంచంలో ఇంతకాలం నడిచిన సైన్స్ ఫిక్షన్ సీరియలు ఇంకొకటి లేదు. దాన్ని మళ్ళీ మొదలుపెట్టి తీసింది మనం ఉంటున్న ఈ కార్డిఫ్‌లోనే. ఈ ఊళ్ళో ఉండి దాని సంగతి తెలియకపోతే ఎలా చెప్పండి?

ఆ డాక్టరు మందులిచ్చే డాక్టరు కాదు. అసలు పేరు ఎవరికీ తెలియదు. గాలిఫ్రే అనే వేరే గ్రహం మనిషి, రెండు గుండెలు. ఆయనకి టార్డిస్ అని ఒక నీలం పెట్టె. ఈ దేశంలో ఒకప్పుడు పోలీసుస్టేషనుకి ఫోను చేసుకోవడానికి వీధుల్లో అలాంటి పెట్టెలు ఉండేవి. బయట్నించి చూస్తే ఇద్దరు పట్టేంత, తలుపు తీసి లోపలికి వెళితే పెద్ద హాలు, దాని వెనక ఇంకెన్నో గదులు. కాలంలో ఎక్కడికి కావాలంటే అక్కడికి పోతుంది. మన ‘ఆదిత్య 369’ చూశారుగా, అందులో రాయలవారి కొలువుకి వెళ్ళొస్తారే, అలాంటి ప్రయాణాలు వారం వారం అన్నమాట. నిజానికి ఆ పెట్టె దిగిన చోటుకి తగ్గట్టు రూపు మార్చుకోవాలి. అది చెడిపోయి నీలం పెట్టెగానే ఉండిపోయిందని కథ. ప్రతి కథకీ కొత్త రూపం కట్టడానికి డబ్బు లేక అలా రాసుకున్నారు. ఆ డబ్బు లేకపోవడంలోంచి పుట్టిన నీలం పెట్టెని ఇవాళ పసిపిల్లాడు కూడా గుర్తుపడతాడు.

దాన్లో నాకు బాగా నచ్చేది చెప్పనా? ఆ డాక్టరు తుపాకీ పట్టడు. చేతిలో ఉండేది ఒక స్క్రూడ్రైవరు. తలుపులు తీస్తుంది, తాళాలు తీస్తుంది. మిగతాదంతా ఆయన మాటలతోనూ బుర్రతోనూ నెట్టుకొస్తాడు. మా అమ్మాయి అలాంటి కథ చూస్తూ పెరిగిందని నాకు ఎంత సంతోషమో.

1963 నవంబర్ 23, శనివారం సాయంత్రం మొదటి భాగం వచ్చింది. ముందురోజే అమెరికాలో కెన్నెడీని కాల్చి చంపారు. దేశమంతా ఆ వార్తల్లోనే ఉంది, పిల్లల సీరియలు ఎవరు చూస్తారు? అందుకని పై శనివారం రెండో భాగానికి ముందు మొదటిదాన్ని మళ్ళీ వేశారు. దాన్ని తీసినవాళ్ళెవరో తెలుసా? బీబీసీలో నాటకాల విభాగం పెద్ద సిడ్నీ న్యూమన్‌ది ఆలోచన. నిర్మాత వెరిటీ లాంబర్ట్ అనే అమ్మాయి, 27 ఏళ్ళు. ఆ విభాగంలో ఆడ నిర్మాత అప్పటికి ఆవిడొక్కతే. దర్శకుడు మనవాడండీ! లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. అప్పటికి 24 ఏళ్ళు. వాళ్ళమ్మగారు అతియా హుస్సేన్, ‘సన్‌లైట్ ఆన్ ఎ బ్రోకెన్ కాలమ్’ నవల రాసినావిడ. ఒక ఆడపిల్ల, ఒక లక్నో కుర్రాడు. ఆ రోజుల బీబీసీలో వీళ్ళిద్దరినీ ఎవరు ఎంత లెక్కచేసి ఉంటారో మీరే ఊహించుకోండి. లైమ్ గ్రోవ్‌లో ఉక్కపోసే పాత స్టూడియో ఒకటి ఇచ్చారు. మొదటి భాగం తీసి చూపిస్తే న్యూమన్‌కి నచ్చలేదు, మళ్ళీ తీయమన్నాడు. తీశారు. ఆ రెండోసారి తీసిందే జనం చూశారు.

సీరియలు పాట వినిపిస్తాను ఆగండి, ఫోనులో ఉంది. ...విన్నారా? ఒళ్ళు జలదరించలేదూ? అది వాయిద్యం కాదు. రాన్ గ్రేనర్ అనే ఆయన బాణీ కాగితం మీద రాసిచ్చాడు. డీలియా డెర్బీషైర్ అనే ఆవిడ బీబీసీ శబ్దాల వర్క్‌షాపులో కూర్చుని, ఒక్కొక్క స్వరాన్నీ విడిగా టేపు మీద పట్టి, ఆ టేపుని బ్లేడుతో ముక్కలుగా కోసి, ముక్కకి ముక్క అతికించి దాన్ని తయారుచేసింది. సింథసైజర్లు బజారులో దొరకని రోజులు. ఆవిడ పేరు తెర మీద పడింది మాత్రం 2013లో, యాభయ్యో ఏడు పండక్కి. అప్పటికి ఆవిడ పోయి పన్నెండేళ్ళు. ఇది నాకిప్పటికీ కడుపులో మంటగానే ఉంటుంది. ఇక ఆ పెట్టె బయల్దేరేటప్పుడు గరగరమని ఒక చప్పుడొస్తుంది చూడండి, అది బ్రయాన్ హాడ్జ్‌సన్ అనే ఆయన వాళ్ళమ్మ ఇంటి తాళంచెవితో పాత పియానో తీగల మీద గీసి పట్టిన చప్పుడు. ఇవాళ్టికీ ఆ చప్పుడు వినబడితే ఈ దేశంలో సగంమంది తలతిప్పి చూస్తారు.

మీ చిన్నాడు అరిచే మాట డాలెక్‌లది. 1963 డిసెంబర్‌లోనే వచ్చాయి. పెద్ద మిరియాల డబ్బాలా ఉంటాయి, చెయ్యి ఉండాల్సిన చోట సింకు పూడుకుపోతే పొడుస్తామే, ఆ రబ్బరు గిన్నె కర్ర. న్యూమన్ రాక్షసులు గీక్షసులు వద్దన్నాడు, వెరిటీ లాంబర్ట్ వినలేదు. అవి వచ్చాకనే సీరియలు నిలబడింది. వాటిని చూసి సోఫా వెనక దాక్కున్నామని ఇక్కడ తాతలు కూడా చెప్తారు, అడగండి.

ఇన్నేళ్ళు ఒకే నటుడు ఎలా చేశాడంటారా? అక్కడికే వస్తున్నా. మొదటి డాక్టరు విలియం హార్ట్‌నెల్‌ ఒంట్లో బాగుండక చెయ్యలేకపోయాడు. మన సీరియళ్ళల్లో అయితే ‘ఇకనుంచి ఈ పాత్రలో’ అని ఒక చీటీ వేసి కొత్త మనిషిని కూర్చోబెడతారు, మనం నాలుగు రోజులు గొణుక్కుని అలవాటు పడిపోతాం. వీళ్ళు ఆ మార్పుని కథలోనే పెట్టేశారు. 1966 అక్టోబర్‌లో డాక్టరు నేల మీద పడిపోతాడు, మొహం వెలుగులో కరిగి ఇంకో మొహం వస్తుంది. పాట్రిక్ ట్రౌటన్. మనిషి అదే, జ్ఞాపకాలు అవే, కానీ గుణం వేరు, నడక వేరు, నవ్వు వేరు. ఆ ఒక్క ఆలోచనతో సీరియలుకి చావు లేకుండా పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది చెప్పాలనే మిమ్మల్ని పిలిచింది. ఆ హార్ట్‌నెల్, ట్రౌటన్ రోజుల భాగాలు ఇప్పుడు చూద్దామంటే అన్నీ లేవు. బీబీసీవాళ్ళే చెరిపేశారు. అప్పట్లో వీడియో టేపు చాలా ఖరీదు, ఒకదాని మీద ఇంకోటి రికార్డు చేసుకునేవారు. నటుల ఒప్పందాల వల్ల పాతవి మళ్ళీ మళ్ళీ వేసే వీలూ లేదు. ఇంట్లో జనం కొనుక్కుని చూస్తారని ఎవరు కలగన్నారు? విదేశాలకి అమ్మడానికి తీసిన ఫిల్ము కాపీలు కూడా పని అయిపోయాక పారేశారు. 1978లో ఆపారుగానీ అప్పటికే చాలా పోయాయి. తొంభైకి పైగా భాగాలు ఇవాళ్టికీ బొమ్మ లేకుండా ఉన్నాయి. ట్రౌటన్ డాక్టరుగా వచ్చిన మొట్టమొదటి కథ, ఆరు భాగాలు, ఒక్కటి కూడా పూర్తిగా లేదు.

కానీ మాట ఉంది వదినగారూ. పోయిన ప్రతి భాగానికీ మాట ఉంది. ఎక్కడిదంటే, పిల్లలు పట్టుకున్నది. ఆ రోజుల్లో ఇళ్ళల్లో వీడియో రికార్డర్లు లేవు, కొందరి ఇంట్లో మాత్రం రీలు టేపు రికార్డరు ఉండేది. శనివారం సాయంత్రం అయ్యేసరికి పదేళ్ళ పిల్లాడో పన్నెండేళ్ళ పిల్లాడో టీవీ స్పీకరు ముందు మైకు పెట్టుకుని కూర్చునేవాడు. ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, టీ కప్పు చప్పుడు కాకూడదు, కుక్కని వంటింట్లో పెట్టి తలుపెయ్యాలి. ఒక కుర్రాడికి ఆ మైకు చాల్లేదు. టీవీ వెనక తెరిచి స్పీకరు తీగలకే రికార్డరు వైరు తగిలించాడు. అందుకే అతను పట్టిన మాటలు ఇవాళ వింటే నిన్న రికార్డు చేసినంత శుభ్రంగా ఉంటాయి. ఎవరికి వాళ్ళు, ఒకరికొకరు తెలియకుండా చేశారు. వచ్చేవారం కథ రావడానికి ముందు మళ్ళీ ఒకసారి విందామని, అంతే. పెద్దయ్యాక ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర దొరికి, వెతికి వెతికి అన్నీ పోగుచేశారు. పెద్ద సంస్థ అక్కర్లేదనుకున్నదాన్ని పిల్లలు బీరువాల్లో దాచిపెట్టారండీ. ఇది తలుచుకుంటే నాకు గొంతు పూడుకుపోతుంది.

ఆ మాటలకే ఇప్పుడు బీబీసీ బొమ్మలు గీయించి వేస్తోంది. 2006లో ‘ది ఇన్వేజన్’లో పోయిన రెండు భాగాలతో మొదలు. 2016లో నేను చెప్పిన ఆ ట్రౌటన్ మొదటి కథ, ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’, ఆరు భాగాలూ వచ్చాయి. ఆ మనుషులు ఎలా నిలబడ్డారో, ఏం తొడుక్కున్నారో ఎలా తెలిసిందంటారా? జాన్ కూరా అని ఒకాయన టీవీ తెరనే కెమెరాతో ఫొటోలు తీసి నటులకీ దర్శకులకీ అమ్ముకునేవాడు. ఆయన ఫొటోలు మిగిలాయి.

ఆస్ట్రేలియా సంగతి వింటే ఆశ్చర్యపోతారు. అక్కడి సెన్సారువాళ్ళు పిల్లలు జడుసుకుంటారని భయంకరమైన ముక్కలు కత్తిరించి ఫైళ్ళలో పెట్టారు. కథంతా పోయింది, కత్తిరించిన ముక్కలు ఉండిపోయాయి. 1990లలో అక్కడి అభిమానులే వెళ్ళి వాటిని బయటికి తీశారు. అందుకని కొన్ని కథల్లో మనకి కదిలే బొమ్మగా మిగిలింది ఆ భయపెట్టే నాలుగు క్షణాలే. 1990లలోనే హాంకాంగ్ నుంచి ఒక పూర్తి కథ తిరిగొచ్చింది. 2013లో నైజీరియాలో, జోస్ అనే ఊళ్ళో టీవీ స్టేషను గదిలో తొమ్మిది భాగాలు దొరికాయి. ఫిలిప్ మోరిస్ అనే ఆయన దేశాలన్నీ తిరిగి వెతికి పట్టుకొచ్చాడు. ‘ది వెబ్ ఆఫ్ ఫియర్’ అప్పుడు దొరికిందే. ఒక్క మూడో భాగం మాత్రం లేదు. మిగతావన్నీ చూస్తూ అక్కడికొచ్చేసరికి బొమ్మ ఆగిపోయి ఫొటోలూ మాటలూ మిగులుతాయి. నేనైతే ఆ భాగమప్పుడే ఎక్కువ శ్రద్ధగా కూర్చుంటాను, ఆ పిల్లాడు అంత నిశ్శబ్దంగా కూర్చుని పట్టిన మాటలు కదా అని.

1989లో సీరియలే ఆపేశారు. మధ్యలో 1996లో ఒక్క సినిమా తప్ప పదహారేళ్ళపాటు టీవీలో కొత్త కథ లేదు. వేరే సీరియలైతే జనం మర్చిపోయేవాళ్ళు. దీని అభిమానులు నవలలు రాసుకున్నారు, 1999 నుంచి ఆ పాత డాక్టర్లనే పిలిచి నాటకాలు రికార్డు చేసుకున్నారు. ఆ నవలలు రాసిన అభిమానుల్లో రసెల్ టి డేవిస్ ఒకడు, ఇక్కడి స్వాన్సీ పిల్లాడే. 2005 మార్చి 26న సీరియల్ని మళ్ళీ బతికించింది ఆయనే. అలాంటి ఇంకో అభిమాని పాల్ కార్నెల్ 1995లో రాసిన ‘హ్యూమన్ నేచర్’ నవల 2007లో టీవీ కథ అయింది. ఇప్పుడు చెప్పండి, చూసేవాళ్ళెవరో తీసేవాళ్ళెవరో విడదీయగలమా?

మేం అప్పుడే ఈ ఊరొచ్చిన కొత్త. 2005లో మొదటి కథ, ‘రోజ్’, అందులో బట్టలకొట్టు బొమ్మలు ప్రాణం వచ్చి అద్దాలు పగలగొట్టుకుని బయటికొస్తాయి. కథలో లండనని చెప్తారు, తీసింది మన క్వీన్స్ ఆర్కేడ్‌లో! ఆ పై వారం మా అమ్మాయిని తీసుకుని అటు వెళ్ళానా, అద్దాల వెనక బొమ్మల్ని చూసి నా కోటు పట్టుకుని అడుగు కదపలేదు. కొట్లో పనిచేసే ఒక అమ్మాయి బయటికొచ్చి, దాని ఎత్తుకి వంగి, ఈ బొమ్మని రోజూ నేనే తుడుస్తాను, నాకెప్పుడూ ఏమీ చెయ్యలేదని బొమ్మ చెయ్యి పట్టుకుని ఊపి చూపించింది. ఆవిడా శనివారం చూసిందన్నమాట. ఈ ఊళ్ళో నాతో మొదట స్నేహంగా మాట్లాడింది ఆవిడే. ఆ తర్వాత బస్టాపులో, బడి గేటు దగ్గర, ఎవరితో మాట కలపాలన్నా ‘శనివారం చూశారా’ అంటే చాలు.

ఇంకోటి చెప్తాను, ఇది మీకు బాగా నచ్చుతుంది, సంబంధాల సంగతి. పదో డాక్టరు డేవిడ్ టెనెంట్. చిన్నప్పుడు ఈ సీరియలు చూసే నటుడవ్వాలనుకున్నాడు. ఐదో డాక్టరు పీటర్ డేవిసన్ అంటే ప్రాణం. 2008లో ‘డాక్టరుగారి కూతురు’ అనే కథలో కూతురి వేషం వేసిందెవరు? డేవిసన్ సొంత కూతురు జార్జియా. 2011లో టెనెంటూ ఆ అమ్మాయీ పెళ్ళి చేసుకున్నారు. తను ఆరాధించిన డాక్టరుకే అల్లుడయ్యాడు! పన్నెండో డాక్టరు పీటర్ కపాల్డీ పదిహేనేళ్ళప్పుడు రేడియో టైమ్స్ పత్రికకి సీరియల్ని మెచ్చుకుంటూ ఉత్తరం రాస్తే 1974లో వేశారు. క్రిస్ చిబ్నల్ అయితే 1986లో కుర్రాడిగా టీవీలో కూర్చుని, ఈమధ్య కథలు బాగాలేవని రాసేవాళ్ళ మొహం మీదే అన్నాడు. 2018లో ఆ సీరియలు నడిపే బాధ్యత ఆయన చేతికే వచ్చింది. ఆడ డాక్టరుని, జోడీ విటేకర్ని, తెచ్చింది ఆయనే. కొందరు అభిమానులు దానికి చేసిన రభస నాకు నచ్చలేదు. కథ బాగాలేదంటే అనండి, ఆవిడని ఆడదానివి నువ్వెందుకనడం ఏమిటి? మనిషి మారినా డాక్టరు డాక్టరేనని నేర్పిన సీరియలు కదా అది.

ఆవిడ రోజుల్లోనే వచ్చింది పంజాబు కథ. 2018 నవంబర్‌లో. ‘డీమన్స్ ఆఫ్ ది పంజాబ్’, రాసింది వినయ్ పటేల్. డాక్టరుతో తిరిగే యాజ్ అనే అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ పెళ్ళినాటికి వెళుతుంది, 1947 ఆగస్టుకి. ర్యాడ్‌క్లిఫ్ గీత గీసి దేశాన్ని విడదీసిన రోజులు. అమ్మమ్మ ముస్లిం, పెళ్ళికొడుకు ప్రేమ్ హిందువు. రాక్షసులని ముందు అనుకున్నవాళ్ళు రాక్షసులు కారు. దిక్కులేకుండా చనిపోయేవాళ్ళ పక్కన నిలబడటానికి వచ్చినవాళ్ళు. అసలు కత్తి ఎవరి ఇంట్లోంచి వస్తుందో నేను చెప్పను. చివర్లో పేర్లు పడేటప్పుడు డీలియా డెర్బీషైర్ బాణీనే మన హిందుస్తానీ గొంతుతో పాడించారు. లక్నో కుర్రాడు మొదలుపెట్టిన సీరియలు మన దేశం చీలిన రోజుకి రావడానికి యాభై అయిదేళ్ళు పట్టింది. ఆ పాట అయ్యేదాకా మా ఇంట్లో ఎవరూ లేవలేదు. అన్నట్టు 2025లో డాక్టరుతో తిరిగిన నర్సు బెలిండా చంద్ర వేషం వరదా సేతుది, కేరళలో పుట్టిన అమ్మాయి.

ఇంతకీ ఏది ముందు చూడాలంటారా? అభిమానుల్లో ఎప్పుడూ తెగని తగువు అదే. ‘బ్లింక్’ చూపించమంటారు చాలామంది. కథగా అంత మంచిది ఇంకోటి లేదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ అందులో రెప్ప వేస్తే దగ్గరికొచ్చే రాతి విగ్రహాలున్నాయి, మీ చిన్నాడు రాత్రి లేచి కూర్చుంటాడు. వద్దు. ‘రోజ్’తో మొదలుపెడదాం, శనివారం ఆరింటికి రండి, మా అమ్మాయీ కార్డిఫ్‌లోనే ఉంటుంది ఈ వారం. అన్నయ్యగారికి పాతవి నచ్చుతాయనిపిస్తోంది, నలుపు తెలుపువి, ‘వెబ్ ఆఫ్ ఫియర్’ ఇస్తాను తీసుకెళ్ళండి, మూడో భాగంలో బొమ్మ లేదని ముందే చెప్పండి, టీవీ చెడిపోయిందనుకోకుండా. పంజాబు కథ మాత్రం పిల్లలతో కాదు. మనిద్దరం విడిగా చూద్దాం. సోమవారం నాకు సెలవు, మీరు పిల్లాణ్ణి బళ్ళో దింపి ఇటే వచ్చేయండి.